నీటి ఉష్ణోగ్రత: వేడినీటి బుగ్గలు, సాల్మన్ నదులు, వరి మడులు

సారాంశం

సాగునీటి నాణ్యతను నిర్ణయించేటప్పుడు లవణాలకు ఇస్తున్న ప్రాధాన్యాన్ని మనం ఉష్ణోగ్రతకు ఇవ్వడం లేదు. భూగర్భం నుండి ఉబికే వేడినీటి బుగ్గలు, ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలోని సాల్మన్ నదులు, జపాన్, కాలిఫోర్నియా, తెలుగు నేలల వరి మడులు అనే మూడు తావులను ఆధారంగా చేసుకొని, జీవుల మనుగడలో నీటి ఉష్ణోగ్రత పాత్రను ఈ వ్యాసం చర్చిస్తున్నది. ఒకే జలాశయపు నీరు ఒక జీవికి చల్లగాను, ఒక పంటకు వెచ్చగాను కావలసి వచ్చినప్పుడు తలెత్తే సంఘర్షణను, దాని పరిష్కార మార్గాలను పరిశీలిస్తున్నది.

కీలక పదాలు: నీటి ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, వేడినీటి బుగ్గలు, సాల్మన్, వరి, శీతల నష్టం

ఉపోద్ఘాతం

రైతు తన బోరుబావి నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు తెచ్చినప్పుడు మనం ఇచ్చే నివేదికలో ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, కార్బొనేట్లు, బైకార్బొనేట్లు, క్లోరైడ్లు, సోడియం శోషణ నిష్పత్తి వంటి అంశాలకు గడులు ఉంటాయి. ఉష్ణోగ్రతకు గడి ఉండదు. ఉన్నా ప్రయోజనం లేదు. సీసా ప్రయోగశాలకు చేరేసరికి ఆ నీరు గది ఉష్ణోగ్రతకు వచ్చి ఉంటుంది. లవణాలు సీసాతో పాటు ప్రయాణం చేస్తాయి, వేడి చేయదు. ఈ ఒక్క కారణం వల్లనే నీటికి గల ఒక ముఖ్య గుణం మన పాఠాలలోను, సిఫారసులలోను వెనుకబడిపోయింది.

మొక్కకు, చేపకు, సూక్ష్మజీవికి మాత్రం ఆ గుణం మొదట తెలుస్తుంది. తమ శరీర ఉష్ణోగ్రతను తామే నిలుపుకోలేని జీవులకు చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతే తమ ఉష్ణోగ్రత. శ్వాసక్రియ, కణవిభజన, వేర్ల ద్వారా పోషకాల గ్రహణం అన్నీ దానిని అనుసరించి సాగుతాయి. అందువల్ల నీరు ఎంత ఉన్నది, ఎంత ఉప్పగా ఉన్నది అన్న ప్రశ్నలతో పాటు ఎంత వెచ్చగా ఉన్నది అన్న ప్రశ్న కూడా వ్యవసాయ శాస్త్రానికి చెందినదే.

1. నీరు వేడిని దాచుకొనే తీరు

ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి సుమారు 4.18 కిలోజౌళ్ళ శక్తి కావాలి. ఇది సాధారణ పదార్థాలతో పోలిస్తే చాలా ఎక్కువ. ఎకరం పొలంలో 5 సెంటీమీటర్ల లోతున నిలిచిన నీరు దాదాపు 2 లక్షల లీటర్లు. దానిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి సుమారు 235 యూనిట్ల విద్యుత్తుకు సమానం. పగలు సూర్యుడు ఈ పనిని ఖర్చు లేకుండా చేస్తాడు. రాత్రి ఆ వేడి మెల్లగా వెలువడుతుంది. వరి మడిలోని నీరు పైరుకు దాహం తీర్చడమే గాక, పగటి వేడిని రాత్రికి దాచిపెట్టే గాదెగా కూడా పని చేస్తుంది.

రెండవ లక్షణం సాంద్రతకు సంబంధించినది. మంచినీరు 4 డిగ్రీల వద్ద అత్యంత బరువుగా ఉంటుంది. అంతకంటె వెచ్చబడిన కొద్దీ తేలికై పైకి చేరుతుంది. లోతైన జలాశయాలలో వేసవిలో వెచ్చని నీరు పై పొరగా, చల్లని నీరు అడుగు పొరగా విడిపోవడానికి కారణం ఇదే. ఆనకట్ట తూము ఏ లోతున ఉన్నదన్న దానిని బట్టి దిగువ కాలువలోని నీటి ఉష్ణోగ్రత మారిపోతుంది.

మూడవది ఆక్సిజన్. సముద్రమట్టం వద్ద గాలితో సమతుల్యంలో ఉన్న మంచినీటిలో లీటరుకు సున్నా డిగ్రీల వద్ద 14.6 మిల్లీగ్రాములు, 10 డిగ్రీల వద్ద 11.3, 20 డిగ్రీల వద్ద 9.1, 30 డిగ్రీల వద్ద 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. అంటే నీరు వేడెక్కే కొద్దీ సరఫరా తగ్గుతుంది. మరోవైపు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే జీవుల శ్వాసక్రియ వేగం సుమారు రెట్టింపు అవుతుంది, గిరాకీ పెరుగుతుంది. తరుగుతున్న రాబడి, పెరుగుతున్న ఖర్చు ఒకే సమయంలో ఎదురైన కుటుంబం వంటిది వేడెక్కిన నీటిలోని చేప పరిస్థితి. ఇక ముందు చెప్పబోయే విషయాలకు ఈ మూడు లక్షణాలే ఆధారం.

2. భూగర్భం నుండి వచ్చే వేడినీరు

భూమి లోపలికి వెళ్ళే కొద్దీ ప్రతి కిలోమీటరుకు సాధారణంగా 25 నుండి 30 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుంది. వర్షపు నీరు పగుళ్ళ గుండా లోతుకు ఇంకి, అక్కడి శిలల వేడిని గ్రహించి, భ్రంశరేఖల వెంబడి చల్లబడక ముందే పైకి చేరితే అది వేడినీటి బుగ్గ అవుతుంది. అగ్నిపర్వతం దగ్గరలో ఉండి తీరాలన్న నియమం లేదు. లోతైన పగులు, వేగంగా పైకి వచ్చే దారి ఉంటే చాలు.

హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్‌లో బుగ్గ నీరు మరిగే స్థాయికి చేరువగా ఉండడం వల్ల అక్కడి గురుద్వారాలో అన్నాన్ని ఆ నీటి వేడితోనే వండుతారు. లడఖ్‌లోని పూగా లోయ, ఛత్తీస్‌గఢ్‌లోని తాతాపానీ కూడా పేరొందిన స్థలాలు. తెలుగు నేలపై గోదావరి లోయలో, గోండ్వానా అవక్షేప శిలల మధ్య ఇటువంటి వేడినీరు ఉన్నది. భద్రాచలం సమీపాన గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు సమీపంలోని పగిడేరులో బోరు నుండి వేడినీరు తనంతట తానే ఉబికి వస్తుంది; ఆ వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేసే ప్రయోగాత్మక కేంద్రాన్ని సింగరేణి సంస్థ అక్కడ చేపట్టింది.

3. వేడినీటిలో జీవం, దాని హద్దులు

అమెరికాలో 1872లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడిన యెల్లోస్టోన్‌లో బుగ్గల నుండి పారే నీరు రంగుల పట్టీలుగా కనిపిస్తుంది. ఆ రంగులు ఖనిజాల వల్ల మాత్రమే వచ్చినవి కావు. ఒక్కొక్క ఉష్ణోగ్రత వద్ద బ్రతికే సూక్ష్మజీవుల పొరలవి. నీరు పారుతూ చల్లబడే కొద్దీ ఒక జాతి హద్దు ముగిసి మరొక జాతి హద్దు మొదలవుతుంది. కిరణజన్య సంయోగక్రియ జరిపే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులకు పై హద్దు సుమారు 73 డిగ్రీలు. నిజకేంద్రకం గల జీవులకు 60 డిగ్రీల దరిదాపు. జంతువులకు 50 డిగ్రీల దరిదాపు. జీవనిర్మాణం సంక్లిష్టమైన కొద్దీ వేడిని తట్టుకొనే శక్తి తగ్గుతుందని ఆ పారుదల కళ్ళకు కట్టినట్లు చూపుతుంది.

థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ అనే శాస్త్రవేత్తలు ఈ బుగ్గల నుండి వేరు చేసి 1969లో వర్ణించిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా సుమారు 70 డిగ్రీల వద్ద చురుకుగా పెరుగుతుంది. దాని నుండి తీసిన టాక్ పాలిమరేజ్ అనే ఎంజైము డి.ఎన్.ఎ. పోగులు విడిపోయేంత వేడిలోను చెడదు. క్యారీ ముల్లిస్‌కు 1993లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి తెచ్చిన పాలిమరేజ్ గొలుసుచర్య ఆచరణలో సులభమైనది ఈ ఎంజైము వల్లనే. నేడు మన ప్రయోగశాలలలో విత్తన రకాల జన్యుస్వచ్ఛతను, వైరస్ తెగుళ్ళను గుర్తించే పరీక్షలు ఆ పద్ధతిపై ఆధారపడి ఉన్నాయి.

పంటల శాస్త్రానికి ఇంకా దగ్గరైన ఉదాహరణ ఒకటి ఉన్నది. యెల్లోస్టోన్‌లో వేడెక్కిన నేలలలో పెరిగే ఒక జాతి గడ్డి వేరు మండలంలో 65 డిగ్రీల వేడిని తట్టుకోగలదు. ఆ శక్తి గడ్డిది కాదని, దాని లోపల నివసించే కర్వులేరియా అనే శిలీంధ్రం వల్ల వచ్చినదని 2002లో తేలింది. ఆ శిలీంధ్రంలో ఒక వైరస్ కూడా ఉండాలని, అది లేకపోతే రక్షణ లేదని 2007లో వెల్లడైంది. మొక్క, శిలీంధ్రం, వైరస్ ముగ్గురూ కలిసి ఉంటేనే ఆ వేడిలో ముగ్గురికీ బ్రతుకు. వైరస్ గల ఆ శిలీంధ్రాన్ని టమాటాలో ప్రవేశపెట్టినప్పుడు దానికీ వేడిని తట్టుకొనే గుణం కొంత అబ్బింది. కర్వులేరియా అనగానే ఆకుమచ్చ తెగులును తలచుకొనే మనకు ఇది ఆలోచింపదగిన విషయం.

అదే ఉద్యానవనంలోని ఫైర్‌హోల్ నదిలోకి బుగ్గల వేడినీరు నిరంతరం కలుస్తుంటుంది. అందులోని ట్రౌట్ చేపలు వేసవి తీవ్రమైనప్పుడు ప్రధాన ప్రవాహాన్ని విడిచి చల్లని ఉపనదులలోకి తప్పుకుంటాయి. వేడి మరీ పెరిగిన సంవత్సరాలలో అక్కడ చేపల వేటను అధికారులు నిలిపివేస్తారు. సూక్ష్మజీవికి 70 డిగ్రీలు సుఖమైన చోట చేపకు ఇరవై దాటితే కష్టం. సాల్మన్ నదుల కథ ఇక్కడి నుండి మొదలవుతుంది.

4. సాల్మన్ నది: కొన్ని డిగ్రీల మధ్య బ్రతుకు

పసిఫిక్ సాల్మన్ చేపలు నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి తాము పుట్టిన నదికే వస్తాయి. నదిలో ప్రవేశించిన తరువాత దాదాపు ఆహారం తీసుకోవు. శరీరంలో నిలువ చేసుకొన్న కొవ్వుతోనే వందల కిలోమీటర్లు ఎదురీది, గులకరాళ్ళలో గుంట చేసి గుడ్లు పెట్టి మరణిస్తాయి. నీరు వెచ్చనైతే ఆ నిలువ త్వరగా ఖర్చవుతుంది. 18 నుండి 20 డిగ్రీలు దాటితే ఒత్తిడి, వ్యాధులు పెరుగుతాయి. 25 డిగ్రీల దరిదాపు మరణరేఖ. దారిలో చల్లని ఉపనదులు కలిసే చోట్ల ఆగి సేద తీరడం వీటికి అలవాటు. ఆ చోట్లు తరిగినప్పుడు ప్రయాణమే సాగదు.

2002 సెప్టెంబరులో క్లామత్ నది దిగువ భాగంలో నీరు తక్కువగా, వెచ్చగా ఉన్న సమయంలో చేపలు గుమికూడి, మొప్పలకు సోకే వ్యాధులతో కనీసం 34 వేలు చనిపోయాయి. దానికి ముందు సంవత్సరం కరవులో చేపల కోసం అదే నది ఎగువ పరీవాహకంలో రైతులకు సాగునీరు ఆపివేయడం, వారి పైర్లు ఎండిపోవడం జరిగింది. ఒక ఏడు రైతు, మరుసటి ఏడు చేప, చేపపై ఆధారపడిన ఆదివాసీ కుటుంబాలు నష్టపోయాయి. 2015 వేసవిలో కొలంబియా నదిలో నీరు వేడెక్కి సుమారు రెండున్నర లక్షల సాకై సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే చోటికి చేరకుండానే మరణించాయి.

కాలిఫోర్నియాలోని సాక్రమెంటో నదికి శీతకాలంలో తిరిగివచ్చే చినూక్ సాల్మన్ వర్గం పరిస్థితి ఇంకా సున్నితమైనది. అవి నడి వేసవిలో గుడ్లు పెడతాయి. పూర్వం ఎగువన ఊట నీటితో ఏడాది పొడవునా చల్లగా ఉండే నదులకు వెళ్ళేవి. 1945లో పూర్తయిన షాస్టా ఆనకట్ట ఆ దారిని మూసివేసింది. ఇప్పుడు అవి ఆనకట్ట దిగువన, జలాశయం అడుగు పొర నుండి వదిలే చల్లని నీటిపై ఆధారపడి ఉన్నాయి. 1969లో లక్షకు పైగా ఉన్న చేపలు 1990ల ఆరంభంలో రెండు వందల లోపుకు పడిపోయాయి. వేర్వేరు లోతుల నుండి నీటిని ఎంచుకొని వదలడానికి వీలుగా 1997లో ఆనకట్టకు ప్రత్యేక నిర్మాణాన్ని అమర్చారు. గుడ్లకు సుమారు 13.3 డిగ్రీలు మించని నీరు ఇవ్వడం లక్ష్యం. 2014 కరవులో అడుగునున్న చల్లని నీరు గుడ్లు పొదిగే కాలం ముగియక ముందే అయిపోయింది. ఆ సంవత్సరపు గుడ్లు, పిల్లలలో సుమారు 95 శాతం నశించాయి. మరుసటి సంవత్సరమూ దాదాపు అదే జరిగింది.

ఇందులో పరిశోధకులు గమనించవలసిన అంశం ఉన్నది. ప్రయోగశాలలో తట్టుకొన్న ఉష్ణోగ్రతను నదిలో గుడ్లు తట్టుకోలేకపోయాయి. తేడా దాదాపు 3 డిగ్రీలు. ప్రయోగశాల తొట్టెలో నీరు వేగంగా పారి గుడ్డుకు ఆక్సిజన్ అందిస్తుంది. గులకరాళ్ళ సందులలో నీటి కదలిక నెమ్మది. వెచ్చని నీటిలో గుడ్డుకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి, అందేది తక్కువ. కుండీలో తేలిన హద్దును పొలానికి యథాతథంగా వర్తింపజేసే ముందు మనం కూడా జ్ఞాపకం ఉంచుకోవలసిన సత్యమిది.

5. చేపకు చల్లన, వరికి వెచ్చన

సాల్మన్‌కు ప్రాణమైన ఆ చల్లని నీరే వరికి హాని చేస్తుంది. వరి మొక్క పెరుగుదల మొగ్గ చాలాకాలం నీటిమట్టం కింద ఉంటుంది కాబట్టి గాలి కంటె నీటి ఉష్ణోగ్రతే దాని పెరుగుదలను శాసిస్తుంది. నీరు చల్లనైతే నాటిన పైరు తేరుకోదు, పిలకలు తగ్గుతాయి, పంటకాలం పొడిగిపోతుంది. అన్నిటికంటె ప్రమాదకరమైనది పొట్ట దశ. కంకి బయటికి రావడానికి పది పన్నెండు రోజుల ముందు పుప్పొడి తల్లికణాలు విభజన చెందే సమయంలో ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటె బాగా తగ్గితే పుప్పొడి గొడ్డుబోతుంది. కంకి నిండా తాలు గింజలే మిగులుతాయి. 1993లో జపాన్‌లో వేసవి చల్లగా గడిచి వరి దిగుబడి సాధారణంలో మూడు వంతులకు పడిపోయి, ఆ దేశం బియ్యాన్ని దిగుమతి చేసుకోవలసి వచ్చింది. చల్లని గాలి వీచే రోజులలో పొట్ట దశలో మడిలో లోతుగా నీరు నిలిపి లేత కంకిని ఆ నీటి వెచ్చదనంలో కాపాడడం అక్కడి ఉత్తర ప్రాంతాల రైతుల పద్ధతి.

జపాన్‌లోని అకితా ప్రాంతంలో చోకాయ్ పర్వతపు మంచు కరిగిన నీరు వరికి మరీ చల్లగా ఉండేది. అక్కడి రైతులు 1927 నుండి వెడల్పుగా, లోతు తక్కువగా, మెట్లు మెట్లుగా దిగే కాలువలను నిర్మించుకొన్నారు. పలుచగా పరచుకొన్న నీరు ఎండను ఎక్కువగా గ్రహిస్తుంది. మెట్లపై నుండి దూకినప్పుడు బాగా కలిసి వెచ్చబడుతుంది. యంత్రం లేదు, ఇంధనం లేదు. ముందు చెప్పిన భౌతిక నియమాలను అనుభవంతో గ్రహించిన నిర్మాణమది.

ఇదే సూత్రం కాలిఫోర్నియాలో పెద్ద స్థాయిలో కనిపిస్తుంది. 1968లో పూర్తయిన ఓరోవిల్ ఆనకట్ట ఎత్తు 235 మీటర్లు. ఆ లోతైన జలాశయపు చల్లని నీరు ఫెదర్ నదిలోని సాల్మన్‌కు, దిగువనున్న చేపపిల్లల ఉత్పత్తి కేంద్రానికి అవసరం. అదే జలాశయంపై ఆధారపడిన వరి రైతులకు మాత్రం ఆ చల్లదనం నష్టం. నీరు మడిలో ప్రవేశించే చోట పైరు ఆలస్యంగా ఈనుతుంది, తాలు ఎక్కువ. దూరం పోయే కొద్దీ పైరు మెరుగవుతుంది. కొందరు రైతులు మొదటి మడిని నీరు వెచ్చబడడానికే వదిలివేస్తారు. అక్కడ నదికి చల్లని నీటిని ఒక దారిలోను, పొలాలకు నీటిని థెర్మలిటో అనే విశాలమైన, లోతు తక్కువైన మరొక జలాశయం గుండాను పంపే ఏర్పాటు ఉన్నది. ఆ జలాశయంలో నిలిచి వెచ్చబడిన తరువాతనే నీరు వరి కాలువలకు చేరుతుంది.

ఈ ఏర్పాటు సంఘర్షణను పూర్తిగా తొలగించిందని చెప్పలేము. కరవు ఏడాదిలో చల్లని నీరు, మొత్తం నీరు రెండూ చాలవు. అయినా ఒక సంగతి స్పష్టమవుతున్నది. నీటిని ఘనపరిమాణంగా మాత్రమే చూసినంత కాలం ఒకరి లాభం మరొకరి నష్టమే. ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకొన్నప్పుడు, ఏ పొర నీటిని ఏ దారిన, ఏ కాలంలో పంపాలన్న ప్రశ్న వస్తుంది. కొంతమేరకైనా ఇద్దరికీ న్యాయం చేయగల జవాబు ఆ ప్రశ్నలోనే ఉన్నది.

6. మన పొలాలకు వర్తించే అంశాలు

మన ప్రాంతంలో సాల్మన్ లేదు, మంచు నీరూ లేదు. సమస్య మాత్రం ఉన్నది. యాసంగిలో డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తర తెలంగాణలోను, మన్యం ప్రాంతాలలోను రాత్రి ఉష్ణోగ్రతలు బాగా పడిపోయినప్పుడు వరి నారు ఎదగక, ఆకులు పసుపుబారి చనిపోవడం రైతులకు పరిచయమే. రాత్రంతా చల్లబడిన నీటిని ఉదయం తీసివేసి కొత్త నీరు పెట్టాలని, రాత్రివేళ నారుమడిని పాలిథీన్ పట్టాతో కప్పి పగలు తీసివేయాలని మనం చేసే సిఫారసుల వెనుక ఉన్న తర్కం పైన వివరించినదే. భూగర్భజలం ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సాంవత్సరిక సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. అందుకే జనవరి తెల్లవారుజామున బోరు నీరు ఆవిరులు కక్కుతూ గోరువెచ్చగా తగులుతుంది. అదే నీరు మే నెలలో చల్లగా తోస్తుంది. నీరు మారలేదు, గాలి మారింది. చలి రోజులలో ఈ వెచ్చదనాన్ని నారుమడికి వాడుకోవడం తెలివైన పని.

వేసవి వైపు చూస్తే కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చేపల చెరువులలో సాల్మన్ నది పాఠమే మరో రూపంలో ఉన్నది. బొచ్చె, రోహు చేపలు సాల్మన్ కంటె ఎంతో ఎక్కువ వేడిని తట్టుకొంటాయి. అయినా వెచ్చని నీటిలో ఆక్సిజన్ నిలువ తక్కువ, రాత్రంతా చేపలు, నాచు, అడుగు బురద దానిని వాడుకొంటూనే ఉంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం ఆ నిలువ అడుగంటిందనడానికి గుర్తు. ఏరియేటర్లు ఆ వేళకు నడవాలి. మేత, ఎరువుల మోతాదు నీటి ఉష్ణోగ్రతను చూసి నిర్ణయించాలి.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక సాధారణ ఉష్ణమాపకంతో తూము వద్ద, మడి మధ్యలో, చివరి గట్టు వద్ద, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య ఒకసారి కొలిచి పుస్తకంలో వ్రాసుకొంటే చాలు. సీసాతో ప్రయాణం చేయని గుణం కాబట్టి దీనిని పొలంలోనే కొలవాలి. క్షేత్రప్రదర్శనలలోను, విద్యార్థుల గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలోను ఈ చిన్న పనిని చేర్చడం కష్టం కాదు.

ముగింపు

యెల్లోస్టోన్ బుగ్గలో 70 డిగ్రీల వద్ద వర్ధిల్లే సూక్ష్మజీవికి, 13 డిగ్రీలు దాటితే ప్రమాదంలో పడే సాల్మన్ గుడ్డుకు, 20 డిగ్రీల కంటె బాగా తగ్గితే గొడ్డుబోయే వరి పుప్పొడికి మధ్య పోలిక ఒక్కటే: ప్రతి జీవీ నీటిలో తనకు తగిన వెచ్చదనాన్ని వెదుక్కొంటుంది. ఆనకట్టలు, కాలువలు, బోర్లు నిర్మించిన మనం ఆ వెదుకులాటను మన చేతుల్లోకి తీసుకొన్నాము. అంతేకాక, మారుతున్న వాతావరణం ఆ హద్దులను మరింత బిగిస్తున్నది. కాబట్టి నీటి పరీక్షా నివేదికలో ఉష్ణోగ్రతకు ఒక గడి కేటాయించి, పొలం వద్దనే కొలిచి నింపడంతో మన బాధ్యతను ప్రారంభించవచ్చును.